రాప్టర్ 700 ఇసుక డైరీ: ఏం మార్చాం, ఏం వదిలేశాం

బండి: యమహా రాప్టర్ 700, నాలుగు చక్రాల క్వాడ్ బైకు, 2008 మోడల్, సెకండ్ హ్యాండ్.
నడిచే చోటు: దుబాయ్–హత్తా రోడ్డు మీదున్న బిగ్ రెడ్ దిబ్బ, షార్జా వైపు బదాయర్ ఇసుక.
పని జరిగే చోటు: షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసే గ్యారేజీ, డ్యూటీ దిగాక.
లెక్క: అన్నీ దిర్హాముల్లో. బండి కొన్న 9,500 ఇందులో కలపలేదు, ఆ తర్వాత పెట్టిందే రాస్తున్నా.

ఇక్కడి క్వాడ్ అద్దె షెడ్లలో పనిచేసే మన నిజామాబాద్, జగిత్యాల పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ఒక్కటే: "అన్నా, ముందుగల ఏ పైపు ఎయ్యాలె?" పైపంటే సైలెన్సర్. ఈ డైరీలో అది చిట్టచివర్లో వస్తుంది. ఎందుకో కొలతలే చెబుతాయి.

ఈ బండి గురించి రెండు ముక్కలు. ఇంజన్ 686 సీసీ, ఒకటే సిలిండర్, బోరు 102 మి.మీ., స్ట్రోకు 84 మి.మీ., కూలెంట్‌తో చల్లబడేది, ఫ్యూయల్ ఇంజెక్షన్. యమహా వాళ్లదే ఇంకో క్వాడ్, వైఎఫ్‌జడ్ 450ఆర్ కూడా చూశాం. అది తేలిక, చురుకు. కానీ ఆర్‌పీఎం ఎత్తి పెట్టుకుంటేనే లాగుతుంది, పైగా రివర్స్ లేదు. దిబ్బ నడుమ గుంతలో ముక్కు దిగిపోయినప్పుడు రివర్స్ విలువ తెలుస్తుంది. ఇంజన్ బలం మీద అనుమానముంటే ఎడారి రేసు డకార్ ర్యాలీ చూడండి. 2010 నుంచి 2024 దాకా క్వాడ్ విభాగంలో గెలిచినవన్నీ యమహాలే. కాబట్టి ఇంజన్‌కి బలం లేదన్న మాట పక్కన పెట్టేయొచ్చు. అసలు సంగతి, ఆ బలాన్ని ఇసుక తినేయకుండా చూసుకోవడం.

1వ దశ: విప్పకముందు కొలతలు

అమ్మినాయన "ఇంజన్ సీల్డ్ కండిషన్" అన్నాడు. చలికి స్టార్ట్ చేస్తే ఒక పొగ గుటక, తర్వాత మామూలే. కంప్రెషన్ గేజ్ పెట్టి సంతృప్తి పడేవాళ్లు చాలామంది. ఈ ఇంజన్‌లో అది సరిగా చెప్పదు. కామ్‌షాఫ్ట్ మీద ఆటోమేటిక్ డీకంప్రెషన్ ఉంటుంది, స్టార్టర్ తిప్పినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్‌ని కాస్త ఎత్తి పట్టుకుంటుంది. మంచి ఇంజన్‌కీ అంకె తక్కువే వస్తుంది. అందుకే లీక్‌డౌన్ టెస్టర్ కొన్నాం, అంటే సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారిపోతోందో చూపే గేజ్.

చేసే పద్ధతి:

1. ఇంజన్ కాస్త వేడి చేసి ఆపాలి. ప్లగ్గు తీయాలి.
2. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోకులో సరిగ్గా పైకి తేవాలి. కొంచెం అటూ ఇటూ ఉన్నా గాలి నొక్కగానే క్రాంక్ తిరిగిపోతుంది. చెయ్యి గానీ పాన గానీ దాని మీద ఉంచొద్దు.
3. టాప్ గేరు వేసి, వెనక బ్రేకు పట్టి ఉంచాలి.
4. కంప్రెసర్ నుంచి 100 పీఎస్‌ఐ ఇచ్చి, రెండో గేజ్ చదవాలి.
5. గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినాలి. ఆయిల్ డిప్‌స్టిక్ రంధ్రంలో శబ్దం వస్తే రింగులు. సైలెన్సర్‌లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. థ్రాటిల్ బాడీలో వస్తే ఇన్‌టేక్ వాల్వ్. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్.

మాకు వచ్చింది 72. అంటే 28 శాతం లీకు. శబ్దం డిప్‌స్టిక్ దగ్గరే.

మిగతా కొలతలు అదే సాయంత్రం తీసినవి:

చైన్: 520 సైజు. కొత్తదైతే 20 పిచ్‌లు, అంటే 20 లింకుల పొడవు, 317.5 మి.మీ. ఉండాలి. ఇది 323. దాదాపు 1.7 శాతం సాగింది.
వెనక యాక్సిల్: డయల్ గేజ్ పెట్టి తిప్పితే 2.3 మి.మీ. ఊగుతోంది. వంగిందన్నమాట.
టాపెట్లు (వాల్వుల దగ్గర ఉండే ఖాళీ): ఇన్‌టేక్ 0.06 మి.మీ., ఎగ్జాస్ట్ 0.15. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.09–0.13, ఎగ్జాస్ట్ 0.16–0.20 మధ్య ఉండాలి.
టైరు గాలి: గ్యారేజీ గేజ్ పనికిరాదు. దాని ముల్లు కదిలేదే 10 దాటాక, ఈ టైర్లు నడిచేది 4 పీఎస్‌ఐ చుట్టుపక్కల. తక్కువ ప్రెషర్ గేజ్ విడిగా కొనాల్సిందే.

లీక్‌డౌన్ టెస్టర్ 180, గేజ్ 45.
ఇప్పటిదాకా: 225

2వ దశ: గాలి ఎక్కడి నుంచి వస్తోంది

హెడ్ దించకముందు ఫిల్టర్ వైపు వెళ్లాం. రింగులు ఊరికే అరగవు కదా.

పాత ఓనరు కంపెనీ ఫోమ్ ఫిల్టర్ తీసేసి, కోన్ ఆకారం కాటన్ ఫిల్టర్ పెట్టి, ఎయిర్ బాక్స్ మూత కూడా పారేశాడు. గాలి బాగా పీలుస్తుందని అందరూ చేసే పనే. అడవిలో, గట్టి మట్టిలో దానితో బతికేయొచ్చు. ఇక్కడి ఇసుక వేరు. ముందు పోయే బండి లేపిన దుమ్ము గాల్లో అలాగే నిలబడుతుంది, వెనక వచ్చే బండి దాన్నే పీలుస్తుంది.

ఇన్‌టేక్ రబ్బరు బూట్ ఊడదీసి లోపల వేలు పెట్టి తిప్పితే, వేలి కొనకి సన్నగా ఎర్రటి పొర అంటింది. రెండు వేళ్ల మధ్య రుద్దితే కరకర. ఆ పొర ఆయిల్‌తో కలిసిందంటే వాల్వులు నూరే పేస్టే, తేడా ఏమీ లేదు.

మార్చినవి: కంపెనీ రకం ఫోమ్ ఫిల్టర్లు రెండు, ఒకటి బండిలో, ఒకటి ఆయిల్ పట్టించి కవర్లో రెడీగా. పైన తొడిగే నీళ్లంటని గుడ్డ కవర్ ఒకటి. ఎయిర్ బాక్స్ మూత మళ్లీ కొన్నాం. బూట్ రెండు చివర్లా కొత్త క్లాంపులు.

ఫోమ్ పెట్టే పద్ధతి:

1. పాత ఆయిల్‌ని ఫిల్టర్ క్లీనర్‌తో కడగాలి. పెట్రోల్ వాడితే ఫోమ్ అతుకులు ఊడిపోతాయి.
2. పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉన్న చోట ఆయిల్ పట్టదు.
3. ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ వేసి, మెలి తిప్పకుండా పిండాలి. రంగు అంతటా ఒకేలా రావాలి.
4. ఫిల్టర్ కూర్చునే అంచుకి పలచగా గ్రీజు పూయాలి.
5. బూట్ లోపలి గోడకి, అంటే శుభ్రమైన గాలి వెళ్లే వైపు, వేలితో సన్నగా గ్రీజు రాయాలి. ఇదే మన పరీక్ష. తిరిగొచ్చాక ఆ గ్రీజు మీద ఒక్క రేణువు కనబడినా ఎక్కడో గాలి దొంగతనంగా వస్తోందని అర్థం.

మొదటిసారి పరీక్షలో రేణువులు కనబడ్డాయి. ఫిల్టర్ తప్పు కాదు. బూట్ కింది వైపు, కంటికి కనబడని చోట, ఒక చిన్న పగులు. కొత్త బూట్ వేశాక గ్రీజు తెల్లగానే ఉంది.

ఫిల్టర్లు, కవర్, మూత, బూట్, క్లాంపులు కలిపి 310.
ఇప్పటిదాకా: 535

3వ దశ: హెడ్ దించాం

పిస్టన్ పక్కల నిలువు గీతలు. పై రింగు మూతి ఖాళీ 0.90 మి.మీ. కొత్త రింగు పెట్టి చూస్తే 0.30. సిలిండర్ గోడ మీద గోరు పెట్టి లాగితే రెండు చోట్ల తగులుకుంటోంది.

ఈ సిలిండర్‌లో ఇనుప స్లీవ్ ఉండదు. అల్యూమినియం మీద నేరుగా సిరామిక్ కలిసిన పూత. ఊళ్లో బులెట్టుకి చేసినట్టు లేత్ షాపుకి తీసుకెళ్లి "ఒక ఓవర్ సైజు కొట్టు" అనడానికి లేదు. పూత పోతే దారులు మూడు: మళ్లీ పూత వేయించడం, ఇనుప స్లీవ్ వేయించడం, కొత్త సిలిండర్ కొనడం.

ఇక్కడే అందరికీ ఆశ పుడుతుంది. ఎలాగూ కొంటున్నాం కదా, బిగ్ బోర్ కిట్ వేసేద్దామని. 105.5 మి.మీ. బోరు వేస్తే 734 సీసీ అవుతుంది. మా రూమ్మేట్ రెండు రాత్రులు ఇదే పాట. నేను వద్దన్న కారణాలు ఇవి:

బోరు పెరిగితే వేడి పెరుగుతుంది, రేడియేటర్ మాత్రం అదే. ఆ కిట్లతో వచ్చే హై కంప్రెషన్ పిస్టన్‌కి సూపర్ 98 పెట్రోలే పోయాలి. కంపెనీ 9.2 కంప్రెషన్‌కి స్పెషల్ 95 చాలు, ఏ బంకులో అయినా దొరుకుతుంది. ఫ్యూయల్ సెట్టింగ్ మళ్లీ చేయించాలి. అన్నింటికన్నా ముఖ్యం, మా చైన్, యాక్సిల్ ఉన్న బలాన్నే మోయలేకపోతున్నాయని 1వ దశ కొలతలే చెప్పాయి.

ఇనుప స్లీవ్ కూడా వద్దనుకున్నాం. చవకే, తర్వాత ఎన్నిసార్లయినా బోరు కొట్టొచ్చు. కానీ ఇనుము అల్యూమినియం అంత త్వరగా వేడిని బయటికి పంపదు. అక్టోబరులో మధ్యాహ్నం ఇక్కడ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

కాబట్టి కంపెనీ సైజు కొత్త సిలిండర్ 1,450, పిస్టన్ రింగులు 620, గాస్కెట్ సెట్టు 210, టైమింగ్ చైన్ 160. టాపెట్లు ఇన్‌టేక్ 0.11, ఎగ్జాస్ట్ 0.18 దగ్గర పెట్టాం. రింగులు కూర్చున్నాక లీక్‌డౌన్ 6 శాతం.

ఇప్పటిదాకా: 2,975

4వ దశ: పాడిల్ టైర్లు, వాటి వెనకే వచ్చిన ఖర్చు

దిబ్బ ఎక్కడంలో నిజంగా తేడా తెచ్చింది ఇదొక్కటే. మామూలు గుబ్బల టైరు ఇసుకలో గిర్రున తిరిగి గొయ్యి తవ్వుతుంది. పాడిల్ టైరు తెడ్డులా ఇసుకని వెనక్కి నెడుతుంది. కంపెనీ వెనక టైరు 20x10-9. మేం 20x11-9, ఎనిమిది రెక్కలది, రిమ్ములతో సహా పాతవి కొన్నాం. ఇంజన్‌లో ఇంకేమీ ముట్టుకోకుండానే, ఇంతకుముందు రెండో గేరుకి దించాల్సిన ఏటవాలు మూడో గేరులో ఎక్కింది.

కానీ ఒక సంగతి గమనించండి. టైరు జారినంతసేపు ఆ జారుడే ఒక ఫ్యూజు. ఇసుక వదిలేస్తుంది కాబట్టి లోపలి పార్టులు బతుకుతాయి. పాడిల్ పట్టు దొరికాక ఆ దెబ్బంతా క్లచ్ మీద, చైన్ మీద, యాక్సిల్ మీద వరసగా పడుతుంది. మా బండిలో చైన్, యాక్సిల్ అప్పటికే దెబ్బతిని ఉన్నాయి, ఇప్పుడు క్లచ్ కూడా పోయింది.

క్లచ్: ఏటవాలు సగంలో ఆర్‌పీఎం పెరుగుతోంది, బండి పెరగడం లేదు. విప్పితే ఫ్రిక్షన్ ప్లేట్లు 2.7 మి.మీ. కొత్తవి 3.0. స్టీలు ప్లేట్లు రెండు నీలిరంగు తిరిగాయి. మార్కెట్లో 170కి దొరికే కాపీ ప్లేట్లు ఎంతవరకు ఆగుతాయో చూద్దామని మొదట అవే వేశాం. కొన్ని వారాలకే కార్క్ పొరలుగా లేచి ఆయిల్ ఫిల్టర్‌లో తేలింది. తర్వాత అసలు ప్లేట్లు, 15 శాతం గట్టి స్ప్రింగులు కలిపి 520. లివర్ కాస్త బరువైంది, చెయ్యి అలవాటు పడుతుంది.

ఆయిల్ సంగతి ఇక్కడే. గ్యారేజీ డ్రమ్ములో ఉండే కారు ఆయిల్ ఇందులో పోయొద్దు. క్లచ్ ఇదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని, అంటే ఇలా ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి పనికొస్తుందన్న గుర్తు, ఉండాలి. కారు ఆయిల్‌లో మైలేజీ కోసం కలిపే జారుడు మందులు క్లచ్‌ని జారేలా చేస్తాయి. ఆయిల్, ఫిల్టర్ 95.

స్ప్రాకెట్లు: కంపెనీ 14/38 (ముందు పళ్లు/వెనక పళ్లు), అంటే నిష్పత్తి 2.71. పాడిల్స్‌తో గేరింగ్ కాస్త దించాలి. అందరూ ముందు స్ప్రాకెట్ 13 వేస్తారు, చవక కాబట్టి. 13/38 అంటే 2.92. మేం వెనక 40 వేశాం. 14/40 అంటే 2.86. రెండూ దాదాపు ఒకే పని చేస్తాయి, తేడా చైన్ ఆయుష్షులో. 13 పళ్ల మీద ప్రతి లింకూ 27.7 డిగ్రీలు వంగాలి, 14 మీద 25.7. చిన్న స్ప్రాకెట్ మీద చైన్ స్వింగ్ ఆర్మ్‌కి దగ్గరగా నడిచి ప్లాస్టిక్ స్లైడర్‌ని కూడా త్వరగా తినేస్తుంది. అదే చైన్ వాడితే వెనక ఒక్కో పన్ను పెరిగినప్పుడు యాక్సిల్ 4 మి.మీ. ముందుకి జరుగుతుంది, కాబట్టి చైన్ తెగ్గొట్టే ముందు కొలుచుకోండి. చైన్ టైటు చూసేటప్పుడు ఒకరు సీటు మీద కూర్చోవాలి. బండి ఖాళీగా ఉన్నప్పుడు సరిపోయిన చైన్, మనిషి ఎక్కాక తీగలా బిగుసుకోవచ్చు.

పాడిల్స్ 1,350, స్ప్రాకెట్లు చైన్ 420, క్లచ్ మొత్తం 690, ఆయిల్ 95.
ఇప్పటిదాకా: 5,530

5వ దశ: యాక్సిల్

వంగిన యాక్సిల్‌ని ప్రెస్సు కింద పెట్టి సరిచేసే వాళ్లున్నారు. ఒకసారి లొంగిన స్టీలు మళ్లీ అక్కడే లొంగుతుంది. క్రోమోలీ అనే గట్టి స్టీలు యాక్సిల్ తీసుకున్నాం, స్పేసర్లతో వెడల్పు మార్చుకునే రకం.

వెడల్పు దగ్గర ఒక ప్రయోగం. మొదట పక్కకి 2 అంగుళాలు పెంచి పెట్టాం. దిబ్బ వాలు మీద అడ్డంగా పోతున్నప్పుడు భయం తగ్గింది, బండి పల్టీ కొట్టే పరిస్థితి దూరమైంది. కానీ గట్టిగా నడిపి వచ్చాక ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే బేరింగ్ హౌసింగ్ 78 డిగ్రీలు. చక్రం దూరం జరిగిన కొద్దీ అదే దెబ్బ బేరింగ్ మీద ఎక్కువ బలంతో పడుతుంది, గడ్డపార పొడుగైతే రాయి సులువుగా లేచినట్టే. పక్కకి 1 అంగుళానికి తగ్గిస్తే అదే రూటులో 61 డిగ్రీలు. అక్కడే ఉంచేశాం. స్టెబిలిటీ కొంత పోయింది, ఒప్పుకున్న బేరమే.

రాప్టర్ యాక్సిల్ నట్లు వదులవడం పాత కథ. నట్టు ఒక్క పావు తిరుగుడు వదులైనా స్ప్రాకెట్ హబ్ యాక్సిల్ మీదున్న గాడి పళ్ల (స్ప్లైన్ల) మీద ఆడి వాటిని తినేస్తుంది. మా పాత హబ్ అలాగే పోయే దశలో ఉంది. కంపెనీ నట్ల బదులు, ఒకదాన్నొకటి బోల్టులతో బిగించి పట్టే రెండు ముక్కల చెక్ నట్టు వేశాం.

1. మరలు బ్రేక్ క్లీనర్‌తో నూనె చుక్క లేకుండా కడగాలి.
2. ఎర్ర లాక్‌టైట్ వేయాలి.
3. టార్క్ రెంచ్‌తో మాన్యువల్ అంకెకి బిగించాలి. సుత్తితో, ఉలితో కొట్టి బిగించొద్దు.
4. ఒక రాత్రి ఆరనివ్వాలి.
5. నట్టు నుంచి యాక్సిల్ మీదికి పెయింట్ గీత గీయాలి. గీత తెగినట్టు కనబడితే నట్టు కదిలింది.

కడిగేటప్పుడు ప్రెషర్ గన్ బేరింగ్ సీళ్ల మీద కొట్టడం మానేయండి. ఇసుక లోపలికి వెళ్లే సగం దారి మనమే వేస్తున్నాం.

యాక్సిల్ 1,600, బేరింగులు సీళ్లు 190, చెక్ నట్టు 220.
ఇప్పటిదాకా: 7,540

6వ దశ: వేడి, సస్పెన్షన్

వేడికి పెద్ద రేడియేటర్ కొనలేదు. ఉన్నదాన్ని ఊడదీసి వెనక నుంచి ముందుకి మామూలు పైపుతో నీళ్లు కొడితే ఫిన్ల మధ్య నుంచి గుప్పెడు మట్టి దిగింది. కొత్త కూలెంట్ నీళ్లతో సగానికి సగం కలిపి పోశాం. ఫ్యాన్‌కి రిలేతో ఒక చేతి స్విచ్ పెట్టాం, ఎక్కుడు మొదలవకముందే ఆన్ చేయడానికి. మొత్తం 140. వేడెక్కితే వెలిగే వార్నింగ్ లైటు మళ్లీ వెలగలేదు.

సస్పెన్షన్‌లో ఖరీదైన షాకప్‌ల జోలికి పోకుండా ముందు సాగ్, అంటే మనిషి ఎక్కితే బండి ఎంత దిగుతోందో, కొలవండి. వెనక ప్రయాణం 256 మి.మీ. మనిషి కూర్చున్నాక అందులో మూడో వంతు, అంటే 85 దాకా దిగాలి. 82 కిలోల నాకు 104 దిగింది. ప్రీలోడ్ (స్ప్రింగు ముందస్తు బిగువు) మొత్తం బిగించినా 96. అంటే స్ప్రింగే మెత్తన. ఒక సైజు గట్టి స్ప్రింగు వేస్తే 86. ముందు ఏ ఆర్మ్ బుష్‌లు, టై రాడ్ ఎండ్లు మార్చి, చక్రాల ముందు వైపు దూరం వెనక వైపు కన్నా 5 మి.మీ. తక్కువ ఉండేలా టో పెట్టాం. హ్యాండిల్ వణుకు పోయింది.

స్ప్రింగు 450, బుష్‌లు 180, రాడ్ ఎండ్లు 150.
ఇప్పటిదాకా: 8,460

జెండా, కిల్ స్విచ్ తాడు (మనిషి పడితే ఇంజన్ ఆపేది) లెక్కలో వేయలేదు. అవి లేకుండా దిబ్బ శిఖరం దాటేవాడితో నేను రైడుకి పోను. అవతలి నుంచి వచ్చేవాడికి మనం కనబడేది ఆ జెండాతోనే.

7వ దశ: ఇక పైపు సంగతి

ఈ మోడల్ సైలెన్సర్‌లో ఆక్సిజన్ సెన్సర్ లేదు. పైపు మారిస్తే గాలి ఎక్కువ పోతోందని కంప్యూటర్‌కి తెలియదు, పెట్రోల్ పాత లెక్కలోనే పోస్తుంది. మిశ్రమం పలచబడి వేడెక్కుతుంది. కాబట్టి పైపు ఒక్కటే కొనడం కుదరదు, ఫ్యూయల్ కంట్రోలరో, ఈసీయూ రీఫ్లాషో (బండి కంప్యూటర్ లెక్క మార్చడం) దానితో పాటే రావాలి. రెండూ కలిపి నాకు చెప్పిన ధర 2,900. ఆ డబ్బుతో యాక్సిల్, బేరింగులు, చెక్ నట్టు వచ్చి ఇంకో 890 మిగులుతుంది. ప్రస్తుతానికి కంపెనీ సైలెన్సరే.

సీజన్ చివర్లో మళ్లీ తీసిన కొలతలు:

లీక్‌డౌన్ 7 శాతం.
బూట్ గ్రీజు శుభ్రం.
చైన్ 20 పిచ్‌లు 319 మి.మీ.
యాక్సిల్ ఊగుడు 0.3 మి.మీ.
ఫ్రిక్షన్ ప్లేట్లు 2.95.
టాపెట్లు కదల్లేదు.
నట్టు మీద గీత తెగలేదు.

మిగిలిన పని ఒకటే. ఎడమ వైపు వెనక బేరింగ్‌లో సన్నని ప్లే మొదలైంది, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే చేతికి తెలుస్తోంది. కొత్త బేరింగ్ తెచ్చి పెట్టా, ఈ వారం హౌసింగ్ దించుతాను. హౌసింగ్ లోపలి సైజు కొలిచి, అది కూడా అరిగిందని తేలితే అల్యూమినియం బిల్లెట్ హౌసింగ్ ధర కనుక్కోవాలి.